ముందు కూర్చోవడం నేర్చుకో, తల్లీ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం నేను విజయవాడ వచ్చినప్పుడు, భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నమూనా పరీక్ష రాస్తున్న నీకు మజ్జిగ గ్లాసు అందించాను. నువ్వు చేయి చాపగానే మణికట్టు లోపలివైపు బల్ల అంచు ఒత్తుకున్న ఎర్రటి గీత కనిపించింది. మెడ లాగుతోందని నువ్వంటే, ఫోను తగ్గిస్తే అదే పోతుందని మీ నాన్న అన్నాడు. ఆ మాట నాకు సరిపడలేదు. ఎంతసేపు చూస్తున్నావన్నది ఎంత ముఖ్యమో, ఎలా కూర్చుని చూస్తున్నావన్నదీ అంతే ముఖ్యం. ఆ రెండోది నీకెవరూ నేర్పలేదు.

టైపు నేర్పిన రోజుల్లో, కొత్తగా చేరిన పిల్లలను మొదటిరోజు నేను మీట మీద వేలు వేయనిచ్చేవాణ్ణి కాదు. పాదాలు రెండూ నేలకు ఆని, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండి, మణికట్లు దేనికీ ఒత్తుకోకుండా నిలిచాకే ఎ, ఎస్, డి, ఎఫ్ మొదలయ్యేవి. పైగా ఆ టైపు మిషను మీద వరుస ముగిసిన ప్రతిసారీ కాగితాన్ని పట్టి ఉంచే క్యారేజీని చేత్తో జరపాలి, పేజీ ముగిస్తే కాగితం మార్చాలి. తెలియకుండానే చేతులకు విశ్రాంతి దొరికేది. నీ కంప్యూటరు ఆ అవకాశం ఇవ్వదు కనుక నువ్వే కల్పించుకోవాలి.

ల్యాప్‌టాప్‌తో అసలు చిక్కు, తెరా కీబోర్డూ అతుక్కుని ఉండటం. చేతులకు తగిన ఎత్తులో పెడితే తల వంగుతుంది, కళ్ళకు తగిన ఎత్తులో పెడితే భుజాలు లేస్తాయి. మనిషి తల దాదాపు 5 కిలోల బరువుంటుంది. అది ముందుకు వంగేకొద్దీ ఆ బరువును పట్టి ఆపే భారమంతా మెడ వెనుక కండరాల మీద పడుతుంది. అందుకని నీ ఇంటర్ పుస్తకాలను దొంతరగా పేర్చి, తెర పై అంచు కళ్ళ ఎత్తుకు, చేయి చాపినంత దూరానికి వచ్చేలా ల్యాప్‌టాప్‌ను వాటి మీద పెట్టు. విడి కీబోర్డు, మౌస్ కొనడానికి డబ్బు నేను పంపుతున్నాను.

ఆ కుర్చీ పెద్దవాళ్ళ కొలతకు చేసినది. పాదాలు నేలకు అందక నువ్వు వాటిని కుర్చీ కాళ్ళకు మెలివేసి కూర్చుంటున్నావు. వంటింట్లో పీట తెచ్చి కింద వేసుకో, నడుము వెనుక తువ్వాలు చుట్టి పెట్టుకో.

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 3 గంటలు కూర్చోవాలి కాబట్టి ఇంట్లోనూ కదలకూడదని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. అలాంటి అభ్యాసం వారానికి ఒక్కసారి చాలు. మిగతా రోజుల్లో అరగంటకోసారి లేచి నాలుగడుగులు నడువు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడు. తెర చూసేటప్పుడు రెప్పలు తక్కువగా పడతాయి, కళ్ళు మండేది అందువల్లే.

ఒక్క విషయం మాత్రం దాచవద్దు. నాకు ముప్పై ఏళ్ళ వయసులో కుడి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు మెలకువ వచ్చేది. పని పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. మణికట్టులో నరం ఒత్తుకుపోతోందని వైద్యుడు చెప్పేసరికి చాలా ఆలస్యమైంది, ఆ వేళ్ళకు పూర్వపు పట్టు మళ్ళీ రాలేదు. నీకు తిమ్మిరి గానీ, చేతిలో బలం తగ్గడం గానీ, నిద్ర చెడగొట్టే నొప్పి గానీ ఉంటే ఆ రోజే అమ్మకు చెప్పు, చదువు పాడవుతుందని ఆగకు.

వచ్చే ఆదివారం టేపు తెస్తాను. నువ్వు కూర్చుంటే నీ మోచేతి ఎత్తూ బల్ల ఎత్తూ కొలిచి, పీట చాలకపోతే మన వడ్రంగి చేత ఇంకొకటి చేయిద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య