తుఫానుకు కరెంటు పోతుందంటే ఇంట్లో ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

హైదరాబాదు నుంచి నెల్లూరుకు బదిలీ మీద వచ్చామన్నారు. తుఫాను వస్తే ఇక్కడ రెండు మూడు రోజులు కరెంటు ఉండదని అందరూ భయపెడుతున్నారు, ఎమర్జెన్సీ లైట్లు ఎన్ని కొనాలి, ఇన్వర్టర్ ఏది మంచిది అని అడిగారు. లైట్ల సంగతి తర్వాత చూద్దాం. చీకటి పడితే పడుకుంటాం, దానికేముంది? ముందు నీళ్ల సంగతి చూసుకోండి.

మా జిల్లాలో ఏడాది మొత్తం వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. కరెంటు పోవడానికి స్తంభాలు కూలనక్కర్లేదు. గాలి పెరిగేలా ఉంటే ప్రమాదాలు జరగకుండా కరెంటు వాళ్లే లైన్లు ఆపేస్తారు, అది మంచిదే. తర్వాత బాగుచేసేటప్పుడు పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్లు, ఆసుపత్రులు, మంచినీళ్ల పథకాలు ముందు చూస్తారు. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ వంతు ఆఖర్నే.

2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు నేను కావలి దగ్గర మా ఊళ్లో ఉన్నాను. వచ్చిందీ పోయిందీ అన్నట్టు ఉండే తుఫాను కాదది. మా ఒడ్డు వెంబడే నింపాదిగా పైకి పోయి 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికే మాకు కరెంటు పోయి ఒక రాత్రి గడిచింది. పక్కింటి మామ వాళ్లది కొత్త డాబా, కొత్త ఇన్వర్టర్. రాత్రంతా హాల్లో ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది, ఆ చలిలో ఎందుకో గానీ ఫ్యాన్లు కూడా తిరుగుతున్నాయి. కార్తీకమాసం కదా, వ్రతానికని వచ్చిన చుట్టాలు వానకు ఎటూ కదల్లేక అక్కడే ఇరుక్కుపోయారు. తెల్లారేసరికి మేడ మీద ట్యాంకు ఖాళీ. ఇంటినిండా జనం, రెండు బాత్రూములు, కుళాయిలో చుక్క లేదు. వెలుతురు మాత్రం బ్రహ్మాండంగా ఉంది!

మా ఇంట్లో మాత్రం మా పెద్దమ్మ ముందురోజు సాయంత్రమే గుండిగలు, కాగు, బిందెలు, చివరికి పప్పు తపేలాలు కూడా నింపి మూతలు పెట్టించింది. అది చాలదన్నట్టు, మేడ మీది నీళ్లు కిందికి దిగే గొట్టం మూతికి పాత నూలుచీర నాలుగు మడతలు వేసి పురికొసతో బిగించి కట్టింది. మొదటి జల్లుకు మేడ మీది దుమ్ము, ఆకులు అన్నీ కొట్టుకుపోయేదాకా ఆగి, అప్పుడు గొట్టం కింద పెళ్లిళ్లకు వాడే పెద్ద గుండిగ పెట్టించింది. అరగంటలో నిండింది. చెంబుతో బకెట్లలోకి తోడడం, మళ్లీ పెట్టడం, పొద్దున్నంతా మాకు అదే పని. ఆ నీళ్లు తాగడానికి కాదు, బాత్రూములకు, అంట్లకు. నీళ్లు ఎక్కువ పోయేది అక్కడే కదా.

వాన తెరపిచ్చాక ఒకతను ట్రాక్టరు ట్రక్కులో జనరేటర్ వేసుకొచ్చాడు. మోటారుకు వైరు కలిపి ట్యాంకు నింపితే 300. వీధి వీధంతా వెంటపడింది. మామ కూడా డబ్బులు పట్టుకుని బయల్దేరుతుంటే పెద్దమ్మ గడపలో నుంచే, "ఏంది అబ్బయ్యా, ఆకాశం నిండా నీళ్లుంటే దుడ్లు పెట్టి కొంటుండావా?" అంది. ఆయన ఏమీ అనలేదు. మా దగ్గర రెండు బకెట్లు తీసుకెళ్లి ముందు లోపల ఇచ్చి, ఆ తర్వాతే వెళ్లి ట్రాక్టరు దగ్గర నిలబడ్డాడు.

మా వీధి మొదట్లో ఒకప్పుడు చేతిబోరు ఉండేది. ఇంటింటికీ కుళాయిలు వచ్చాక ఎవరో దాని హ్యాండిల్ పీకి పాత ఇనుముకు వేసేశారు. ఇప్పుడు ఊళ్లో చుక్క నీళ్లు పైకి రావాలన్నా కరెంటు కావాలి. తాగే నీళ్ల క్యాన్లు ఇచ్చే ప్లాంటుకూ కరెంటే కావాలి, ఆ సంగతి క్యాను అయిపోయాక గానీ ఎవరికీ గుర్తు రాదు. తీగల మీద వాలిన కొమ్మలు వేసవిలోనే కొట్టేయమని ఏటా అడుగుతాం, ఏటా సరే అంటారు. టీవీల వాళ్లయితే సముద్రం ఒడ్డున గొడుగు ఎగరేసుకుంటూ అరుస్తారే గానీ, ట్యాంకు నింపుకోండి అని ఒక్కరైనా చెప్పరు.

మీది అపార్టుమెంటు అయితే ఈ రోజే వాచ్‌మన్‌ను అడగండి: జనరేటర్ మీద లిఫ్టు ఒక్కటే నడుస్తుందా, నీళ్ల మోటారు కూడా నడుస్తుందా? డీజిల్ ఎంతుంది? చాలాచోట్ల మోటారు దాని మీద ఉండదు. హెచ్చరిక రాగానే సంపు, ట్యాంకు నిండుగా పెట్టించండి, తాగే నీళ్లకు రెండు క్యాన్లు ఎక్కువ తెప్పించండి. గ్యాస్ సిలిండరు, పిల్లలుంటే పాలపొడి, వాడే మందులు చూసుకోండి. కాస్త నగదు ఉంచుకోండి. సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయి సిగ్నల్ పోతే ఫోన్‌పేలూ గూగుల్‌పేలూ ఏమీ పనిచేయవు, ఉప్పు ప్యాకెట్టుకు కూడా చిల్లర అడుగుతారు. జనరేటర్ ఎవరిదైనా తెచ్చి పెట్టుకుంటే ఇంటి లోపల, కిటికీ పక్కన పెట్టనివ్వకండి. దాని పొగకు నిద్రలోనే ప్రాణాలు పోతాయి. కరెంటు వచ్చిన వెంటనే ఫ్రిజ్, టీవీ వేయకండి. కాసేపు ఓల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది.

ఇన్వర్టర్ అడిగారు కదా, కొనుక్కోండి, వద్దనను. 150 ఏహెచ్ (బ్యాటరీలో కరెంటు ఎంత పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ ఒకటి ఉంటే రెండు ఫ్యాన్లు, రెండు మూడు లైట్లు ఒక రాత్రి లాగుతుంది, మర్నాటికి చేతులెత్తేస్తుంది. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద బోరు మోటారు నడవదు, అమ్మేవాడు ఏం చెప్పినా సరే. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మాత్రం అక్టోబరులోనే పోయించేయండి. వాయుగుండం అన్న మాట వినపడ్డాక ఆ షాపతను ఫోన్ ఎత్తడు.