ఆట రాకపోవడం మీ సమస్య కాదు

ప్రశ్న: లోకో పైలట్‌గా పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. విజయనగరంలో సొంత ఇల్లు ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నాకు కాలక్షేపంగా ఉంటుందని ఒక కంప్యూటరూ, రైలు నడిపే కొత్త సిమ్యులేటర్ ఆటా కొనిపెట్టాడు. అందులో అన్నీ బ్రిటన్ లైన్లే. వేగం మైళ్లలో చూపిస్తుంది. ఒకసారి హారన్ మోగి బండి దానంతట అదే ఆగిపోతుంది, ఇంకోసారి ప్లాట్‌ఫామ్ దాటి పోతుంది. ముప్పై ఏళ్లకు పైగా నిజం బండి నడిపినవాడిని, బొమ్మ బండి ఆపలేకపోతున్నాను. రోజూ నాలుగైదు గంటలు కూర్చుంటున్నా ఆనందం కలగడం లేదు. మానేస్తే అబ్బాయి బాధపడతాడు. మా ఆవిడ ఈ విషయంలో ఏమీ అనదు, ఆవిడ లోకం ఆవిడది. ఈ ఆటను ఇష్టపడటం ఎలా నేర్చుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అయ్యా, ముందు మీరు అడిగినదాన్ని తేల్చేద్దాం. ఏ-9 అనే బ్రేకు పిడి తిప్పగానే గాలి వదిలే చప్పుడు, వెనక పెట్టెల బరువు ఇంజన్ను నెట్టడం, ఇవన్నీ మీ చెవికీ నడుముకూ తెలిసేవి. తెర మీద నడుముకు ఏమీ తెలియదు, అంకెలు చూసి బ్రేకు వేయాలి. ప్లాట్‌ఫామ్ దాటిపోతున్నది అందుకే. ఇక ఆ హారన్ అక్కడి ఏడబ్ల్యూఎస్ అనే హెచ్చరిక. ముందున్న సిగ్నల్ ఆకుపచ్చ కాకపోతే మోగుతుంది, వెంటనే మీట నొక్కకపోతే అత్యవసర బ్రేకు పడుతుంది. డ్రైవరు మెలకువగా ఉన్నాడో లేదో కనిపెట్టే మీ వీసీడీ లాంటిదే అనుకోండి. ఇటువంటి ఆటల్లో భద్రతా పరికరాలను ఆపేసే వీలు సాధారణంగా ఉంటుంది, మొదట్లో ఆపేయండి. మైళ్లను కిలోమీటర్లలోకి మార్చుకునే వీలు ఉందేమో సెట్టింగుల్లో చూడండి. ఎడమ వైపు నడక, రెండు పసుపులు, ఒక పసుపు, ఎరుపు... సిగ్నళ్ల భాష మనకు అక్కడినుంచి వచ్చిందే కాబట్టి సగం పాఠం మీకు వచ్చినట్లే. అయినా మనసుకు ఎక్కకపోతే ఓపెన్ రైల్స్ అని ఉచితంగా దొరికేది ఉంది. మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన ట్రైన్ సిమ్యులేటర్ కోసం చేసిన లైన్లూ ఇంజన్లూ అందులో నడుస్తాయి. దానికి మన దేశపు ఇంజన్లు తయారుచేసిన ఔత్సాహికులూ ఉన్నారు.

అదీ నచ్చకపోతే మానేయండి. ఇష్టపడటానికి డిపార్టుమెంటు పరీక్ష ఏమీ లేదు.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది వేరే మాట. ‘ఆవిడ లోకం ఆవిడది’ అన్నారు. ఆ లోకంలో ఆవిడను ఒంటరిగా వదిలింది ఎవరు?

బండ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్ ఇళ్లు ఎలా ఉంటాయో నాకు తెలియనిది కాదు. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు కొడితే మీకంటే ముందు లేచింది ఎవరు? మీరు బూట్లు వేసుకునేలోగా క్యారేజీ కట్టింది ఎవరు? రాత్రంతా బండి నడిపి వచ్చి మీరు పగలు పడుకుంటే, పిల్లవాడు గట్టిగా నవ్వకుండా చూసింది ఎవరు? మీరు రాయగడలోనో పలాసలోనో డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూములో ఉన్న రాత్రులు వాడికి జ్వరం వస్తే ఏ ఇంటి తలుపు తట్టాలో ఆవిడే తెలుసుకుంది. దసరా వెళ్లిన మంగళవారం మూడు లాంతర్ల దగ్గర ఊరంతా పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపు కోసం నిలబడుతుంది కదా, మీరిద్దరూ పక్కపక్కన నిలబడి చూసిన ఏళ్లు ఎన్ని? పండగలకు స్పెషల్ బండ్లు ఎక్కువ, సెలవు దొరకదు. ఒప్పుకుంటాను, అది ఉద్యోగం. కానీ ఆ ఉద్యోగం రెండేళ్ల క్రితమే అయిపోయింది. ఇప్పుడు ఎవరూ పిలవకుండానే రోజూ నాలుగైదు గంటల డ్యూటీ మీకు మీరే ఎందుకు వేసుకుంటున్నారు?

భార్య ఏమీ అనకపోతే ఆవిడకు అభ్యంతరం లేదనుకోవడం మగవాళ్లకు చాలా సుఖమైన అలవాటు. భోజనానికి పిలిస్తే ‘స్టేషన్ వచ్చాక లేస్తాను’ అని మీరు అనే ఉంటారని నా అనుమానం. రిటైర్మెంటు మీ ఒక్కరికే వచ్చింది. ఆవిడ క్యారేజీ కట్టడం మానేసిందే గాని వంట మానలేదు.

మీ అబ్బాయిని తప్పు పట్టను, ప్రేమతోనే కొన్నాడు. అయితే తండ్రికి కాలక్షేపం కావాలని తోచినవాడికి తల్లి గురించి ఏం తోచిందో మీరు రాయలేదు. ఈసారి ఫోను చేసినప్పుడు ఆట కబుర్లు తగ్గించి, ఫోను ముందు ఆవిడ చేతికి ఇవ్వండి. ఆట నచ్చలేదని వాడితో నేరుగా చెప్పండి. పెళ్లీడు కొడుకైతే ఆ మాత్రం తట్టుకుంటాడు.

ఆవిడకు క్షమాపణ చెప్పమని నేను అనడం లేదు. మన ఇళ్లలో ఆ మాట వినిపిస్తే మనిషికి ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడతారు. వంటింట్లోకి వెళ్లి కూరలు తరగండి. వెళ్లగానే డబ్బాలు సర్దడం, గ్యాసు ఎక్కువవుతోందని లెక్కలు చెప్పడం మాత్రం వద్దు. ఆ ఇంటిని ఇన్నేళ్లూ ఒంటి చేత్తో నడిపింది ఆవిడ, అక్కడ మీరు అసిస్టెంటుగానే చేరాలి.

వచ్చే ఆదివారం ఇద్దరూ పలాస వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కండి. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి... ఎక్కడ మలుపు ఉందో, ఎక్కడ బండి లాగదో మీకు కంఠతా వచ్చు. ఆవిడకు అవి మీ నోట విన్న ఊళ్ల పేర్లే. కిటికీ పక్కన ఆవిడను కూర్చోబెట్టి చూపించండి, ఎండాకాలం ఇంజన్లో ఎంత వేడి ఉండేదో చెప్పండి. శ్రీకాకుళం రోడ్డులో దిగి అరసవల్లి వెళ్లి దర్శనం చేసుకోండి. వచ్చేటప్పుడు పొందూరులో దిగి ఖద్దరు చీర ఒకటి కొనండి. రంగు ఆవిడ చూసుకుంటుంది, మీరు డబ్బులు ఇవ్వండి చాలు. తర్వాత దూరం వెళ్లాలనిపిస్తే రిటైరైనవాళ్లకు ఇచ్చే పాసు ఉండనే ఉంది, అందులో భార్యకూ చోటుంది.

ఆటను పూర్తిగా వదిలేయనక్కర లేదు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే గంటలో ఆడుకోండి. లేచి టీకి పిలిస్తే బండి ఎక్కడున్నా సరే ఆపేసి రండి. అందులో ప్రయాణికులు ఎవరూ లేరు.