సూయజ్ మూసినా మీ మోడల్ ఎందుకు కదలట్లేదంటే

మీ చమురు రవాణా మోడల్‌లో సూయజ్ కాలువ లింక్ (రూట్) తీసేసినా సౌదీలోని రాస్ తనూరా రేవు నుంచి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌కి చేరే క్రూడ్ (ముడి చమురు) ఏమాత్రం తగ్గట్లేదు, ఖర్చు మాత్రమే కాస్త పెరుగుతోంది అన్నారు కదండీ. మీ కోడ్‌లో తప్పు లేదు. మీరు లింకులకి కెపాసిటీ పరిమితి పెట్టారు గానీ ఓడల సంఖ్యకి పెట్టలేదు, అంటే మీ సముద్రంలో ట్యాంకర్లు ఎన్ని కావాలంటే అన్ని పుట్టుకొస్తున్నాయి!

సూయజ్ మీదుగా సుమారు 6,400 నాటికల్ మైళ్లు, ఆఫ్రికా దక్షిణాన ఉన్న కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టూ 11,200. 14 నాట్ల (గంటకి 14 నాటికల్ మైళ్ల) వేగంతో, ఖాళీగా తిరిగొచ్చే ప్రయాణంతో సహా (అందరూ మర్చిపోయేది ఇదే), లోడింగ్ అన్‌లోడింగ్‌కి ఓ 4 రోజులు కలిపితే ఒక ట్రిప్పు 42 రోజుల నుంచి 71కి పోతుంది. 30 ట్యాంకర్లున్నాయనుకోండి, 90 రోజుల్లో 2,700 ఓడ-రోజులు. 64 ట్రిప్పులు పడాల్సింది 38కి పడిపోతుంది.

కాబట్టి ఒక్క కన్‌స్ట్రెయింట్ (మోడల్ దాటకూడని షరతు) చేర్చండి: అన్ని రూట్లలో ట్రిప్పులు ఇంటూ ట్రిప్పు రోజులు, మొత్తం ఓడ-రోజులకి మించకూడదు. ఓడ సైజుని బట్టి విడివిడిగా రాయండి, ఎందుకంటే నిండా లోడైన వీఎల్‌సీసీ (చాలా పెద్ద క్రూడ్ ట్యాంకర్) సూయజ్‌లో పట్టదు. ఈజిప్టులో ఎర్ర సముద్రం వైపున్న ఐన్ సుఖ్నా నుంచి మధ్యధరా తీరంలోని సిదీ కెరీర్‌కి క్రూడ్ మోసుకెళ్లే సుమెడ్ పైప్‌లైన్‌ని కూడా వేరే లింకుగా పెట్టండి.