ట్యాపింగ్ ఫీడ్ చెప్పలేకపోతే ఫీల్డ్ మార్చేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ మెషినిస్ట్ చేసి రెండేళ్లుగా జీడిమెట్లలో వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్) ఆపరేటర్‌గా పనిచేస్తున్నాడు. పోయిన నెల వేరే కంపెనీలో సెట్టర్ (మెషిన్‌కి టూల్స్, ప్రోగ్రామ్ సిద్ధం చేసే) పోస్టుకు ఇంటర్వ్యూకి వెళ్లాడు. ‘మైల్డ్ స్టీల్‌లో ఎం8 ట్యాపింగ్, ఫీడ్ ఎంత ఇస్తావు?’ అని అడిగితే నోరు పెగల్లేదట. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ‘నాకు లెక్కలు రావు, ఈ ఫీల్డ్ వద్దు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తా, లక్షన్నర కట్టు నాన్నా’ అంటున్నాడు. కట్టమంటారా?
– ఒక తండ్రి, కుత్బుల్లాపూర్

జవాబు: ఇప్పుడే కట్టకండి. టెస్టింగ్ పని చెడ్డదని కాదు, ఇష్టపడి వెళ్లేవాడికి అదీ మంచి దారే. మీవాడు ఇష్టపడి వెళ్లడం లేదు, ఒక ప్రశ్నకు జడిసి పారిపోతున్నాడు. పైగా రెండేళ్ల మెషిన్ అనుభవం అక్కడ లెక్కలోకి రాదు, మళ్లీ ఫ్రెషర్‌గా మొదలుపెట్టాలి. ట్యాపింగ్ అంటే రంధ్రం లోపల మరలు (థ్రెడ్) కోయడం, ఎం8 అంటే 8 మి.మీ. థ్రెడ్, ఫీడ్ అంటే కోసే టూల్ నిమిషానికి ఎంత దూరం కదలాలన్నది. ఆ ఇంటర్వ్యూలో అడిగింది చూస్తే అందులో ఉన్నది ఒక గుణకారం, ఒక భాగహారం. లెక్కలు రాకపోవడం వేరు, ఆ లెక్క ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ చెప్పకపోవడం వేరు. మన షాపుల్లో ఆపరేటర్‌కి సైకిల్ స్టార్ట్ నొక్కడం, జాబ్ మార్చడం, ఆఫ్‌సెట్ సరిచేయడం వరకే నేర్పుతారు. ప్రోగ్రామ్ జోలికి వెళితే ‘నీకెందుకురా’ అంటారు. రెండేళ్లు అలా గడిచిపోతే తప్పు మొత్తం పిల్లాడిదే అనలేం.

ఇక్కడినుంచి మీ అబ్బాయికి రాస్తున్నాను, తనకే చూపించండి.

బాబూ, మిల్లింగ్‌లో ఫీడ్ కొంతవరకు నీ ఇష్టం. పెంచితే ఫినిష్ పోతుంది, తగ్గిస్తే టైమ్ పోతుంది. ట్యాపింగ్‌లో ఆ స్వేచ్ఛ లేదు. ట్యాప్ ఒక చుట్టు తిరిగితే సరిగ్గా ఒక పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) దిగాలి. ఎం8 కోర్స్ థ్రెడ్ పిచ్ 1.25 మి.మీ. స్పిండిల్ నిమిషానికి 400 చుట్లు తిరిగితే 400 ఇంటూ 1.25, అంటే ఫీడ్ నిమిషానికి 500 మి.మీ. ఆర్‌పీఎంని పిచ్‌తో గుణించడమే. ఫీడ్‌కి ఫార్ములా అంటూ ఉన్నది ఇదొక్కటే.

మరి ఆ 400 ఎక్కడిది? హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) ట్యాప్‌కి మైల్డ్ స్టీల్‌లో కటింగ్ స్పీడ్ నిమిషానికి 10 మీటర్ల చుట్టుపక్కల పెట్టుకుంటే పని జరుగుతుంది. ఎం8 చుట్టుకొలత 3.14 ఇంటూ 8, సుమారు 25 మి.మీ. 10 మీటర్లంటే 10,000 మి.మీ. దాన్ని 25తో భాగిస్తే 400. ఎం10 అయితే 318 వస్తుంది, ప్రోగ్రామ్‌లో ఎస్320 పెట్టుకో (ఎస్ అంటే ఆర్‌పీఎం, ఎఫ్ అంటే ఫీడ్). దాని పిచ్ 1.5 కాబట్టి ఎఫ్480. అల్యూమినియంకి స్పీడ్ ఇంకా పెంచొచ్చు, స్టెయిన్‌లెస్‌కి తగ్గించాలి. పదిని కాస్త అటూ ఇటూ మార్చుకోవచ్చు, పిచ్‌ని మాత్రం ముట్టుకోకూడదు.

ఇంటర్వ్యూలో నిజంగా పట్టి చూసేది దీని తర్వాతి ప్రశ్న. ‘ఎస్400ని ఎస్600 చేశావు, ఎఫ్ మార్చడం మర్చిపోయావు, ఏమవుతుంది?’ అని అడుగుతారు. 500ని 600తో భాగించు, 0.83 వస్తుంది. అంటే చుట్టుకు 0.83 మి.మీ. చొప్పున దిగమని మెషిన్‌కి చెప్పినట్టు. 12 మి.మీ. లోతుకు మెషిన్ 14.4 చుట్లు తిప్పుతుంది. అన్ని చుట్లకు ట్యాప్ 18 మి.మీ. దిగాలని చూస్తుంది. ఆ ఆరు మి.మీ. తేడా దగ్గర థ్రెడ్ చిరిగిపోవాలి, లేదా ట్యాప్ విరగాలి.

‘మాది రిజిడ్ ట్యాపింగ్ కదా, మెషినే చూసుకుంటుంది’ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫానుక్ కంట్రోల్‌లో జీ84కి (ట్యాపింగ్ సైకిల్) ముందు ఎం29 (రిజిడ్ ట్యాపింగ్ ఆదేశం) ఇచ్చినప్పుడు స్పిండిల్, జెడ్ యాక్సిస్ కలిసి నడుస్తాయి, నిజమే. కానీ అవి నడిచేది నువ్విచ్చిన ఎస్, ఎఫ్ నిష్పత్తిలోనే. తప్పు ఎఫ్ ఇస్తే ఆ తప్పునే తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఇంకో సంగతి, జీ84 నడుస్తుండగా ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్ తిప్పినా లాభం లేదు, ఫీడ్ హోల్డ్ నొక్కినా ట్యాప్ పైకొచ్చేదాకా ఆగదు. పాత ఫ్లోటింగ్ హోల్డర్ (ట్యాప్‌ని కాస్త పైకీ కిందకీ కదలనిచ్చేది) ఉన్న చోట చిన్న తేడాని హోల్డర్ సర్దుకుంటుంది, అందుకే అక్కడ ఎఫ్‌ని కావాలనే కొద్దిగా తగ్గించి ఇస్తారు.

జీ95 (ఫీడ్‌ని చుట్టుకు ఇన్ని మి.మీ. అని చదివే మోడ్) పెట్టి ఎఫ్1.25 అని నేరుగా పిచ్ ఇచ్చేసే పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎస్ ఎంత మార్చినా ఎఫ్ ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే ట్యాపింగ్ అయ్యాక జీ94కి (నిమిషానికి ఇన్ని మి.మీ. అని చదివే మోడ్) తిరిగి రావాలి. మర్చిపోతే తర్వాతి మిల్లింగ్ లైన్‌లో ఎఫ్300ని చుట్టుకు 300 మి.మీ. అని చదువుతుంది. ఇంటర్వ్యూలో జీ95 పేరెత్తితే ఈ జాగ్రత్త కూడా నీ నోటితోనే చెప్పు, అడిగేదాకా ఆగకు.

పైపు థ్రెడ్ దగ్గర చాలామంది దొరికిపోతారు. పావు అంగుళం బీఎస్‌పీకి (బ్రిటిష్ పైపు థ్రెడ్) అంగుళానికి 19 థ్రెడ్లు. 25.4ని 19తో భాగిస్తే పిచ్ 1.3368. దాన్ని 1.3 అని కుదించేస్తే 15 మి.మీ. లోతుకు వెళ్లేసరికి దాదాపు 0.4 మి.మీ. తేడా పోగవుతుంది. ఎస్300కి ఎఫ్401 రావాలి, 390 కాదు. అంగుళాల థ్రెడ్ అనగానే క్యాలిక్యులేటర్ అడుగు, అందులో నామోషీ ఏమీ లేదు.

డ్రిల్ సైజు కూడా అడుగుతారు. వ్యాసంలోంచి పిచ్ తీసేయడమే. ఎం10కి 8.5, ఎం6కి 5. ఎం8కి 6.75 వస్తుంది, వాడేది 6.8 డ్రిల్. ఇటునుంచి అటు దాకా ఉండే రంధ్రమైతే చిప్స్‌ని ముందుకు తోసే గన్ ట్యాప్, బ్లైండ్ హోల్ (అడుగు మూసి ఉన్న రంధ్రం) అయితే పైకి లాగే స్పైరల్ ఫ్లూట్ అని చెప్పగలిగితే చాలు.

ఇంత చిన్న లెక్కకు ఇంటర్వ్యూలో అంత పట్టింపు ఎందుకంటే, ట్యాపింగ్ సాధారణంగా జాబ్ చివర్లో వస్తుంది. ఫేసింగ్, బోరింగ్ అన్నీ అయిపోయి, డబ్బంతా ఖర్చయ్యాక ట్యాప్ లోపల విరిగితే స్పార్క్ ఎరోజన్ (విద్యుత్ స్పార్క్‌లతో లోహాన్ని కరిగించే మెషిన్) మీద తీయించాలి, కాదంటే జాబ్ స్క్రాప్. ఆ నష్టం చూసినవాడే ప్రశ్న అడుగుతున్నాడు.

రేపు షిఫ్ట్‌కి వెళ్లగానే ఒక పని చెయ్యి. నీ మెషిన్ ప్రోగ్రామ్‌లో జీ84 ఉన్న ప్రతి చోటా ఎఫ్‌ని ఎస్‌తో భాగించు. జీ94లో ఉంటే ట్యాప్ షాంక్ మీద రాసిన పిచ్ రావాలి. రాకపోతే నువ్వు మార్చకు, సెట్టర్ని అడుగు. ‘అన్నా, ఇక్కడ 1.22 వస్తోంది, ఎందుకు?’ అని అడిగే ఆపరేటర్ని ఏ సెట్టరూ అంత తేలిగ్గా తీసుకోడు. ఒకవేళ అక్కడ ఫ్లోటింగ్ హోల్డర్ ఉంటే జవాబు నీకే దొరుకుతుంది.

ఇక మళ్లీ తండ్రిగారికి. ఆర్నెల్లు ఆగండి. ఈలోగా సర్టిఫికెట్ కావాలనుకుంటే బాలానగర్‌లో సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది. 1968లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ, సీఎన్‌సీ ప్రోగ్రామింగ్‌లో షార్ట్ టర్మ్ కోర్సులు నడుపుతుంది. ఫీజు, బ్యాచ్ టైమింగ్స్ స్వయంగా వెళ్లి కనుక్కోండి, షిఫ్ట్‌కి కుదిరే బ్యాచ్ ఉందేమో ముఖ్యంగా అడగండి. ఉద్యోగం మాన్పించి మాత్రం చేర్పించకండి. నేర్చుకున్నది మర్నాడే మెషిన్ మీద చేసి చూసే అవకాశం బయట కోర్సుకు వచ్చే చాలామందికి ఉండదు, మీవాడికి ఉంది. చదువు మీద ఆశ ఉంటే ఐటీఐ అయినవాళ్లు ల్యాటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, డిప్లొమా అయ్యాక ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్లొచ్చు. అది మాత్రం ఇంట్లో కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోవాల్సిన విషయం, ఎందుకంటే అందులో జీతం ఆగిపోయే ఏళ్లు ఉంటాయి.

ఆర్నెల్ల తర్వాత అదే కంపెనీలో మళ్లీ దరఖాస్తు పెట్టమనండి. ‘పోయినసారి చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను’ అని వాడే మొదలుపెట్టొచ్చు. అప్పటికీ టెస్టింగే కావాలంటే ఆపకండి. అయితే లక్షన్నర కట్టే ముందు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి ఉద్యోగం తెచ్చుకున్న ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడించండి. ఫోన్ నంబర్లు ఇవ్వడానికి వాళ్లు నసిగితే కట్టొద్దు.