ఒకే మాత్ర.. సర్పికి ఒక లెక్క, పెదవి పుండుకు ఒక లెక్క

ప్రశ్న: నా వయసు 61. బరువు 60 కిలోలు. షుగర్, బీపీ చాలాకాలంగా ఉన్నాయి. వారం కిందట వీపు ఎడమ పక్కన మొదలై రొమ్ము కింది దాకా ఒకటే మంట, సలుపు. గుండెకు సంబంధించిందేమోనని ఈసీజీ తీయించుకుంటే బాగానే ఉందన్నారు. మొన్న అదే చోట చర్మం ఎర్రబడి, నీటి పొక్కులు గుంపులుగా లేచాయి. నిన్న డాక్టర్ చూసి హెర్పిస్ జోస్టర్ అన్నారు. వాలాసైక్లోవిర్ 1 గ్రాము మాత్ర రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు వాడమని రాశారు. నొప్పికి ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. పాత రిపోర్టులు తీసుకెళ్లలేదు. మూడు నెలల కిందట క్రియాటినిన్ 1.6 ఉంది. మా కోడలికి నిరుడు పెదవి మీద పొక్కులొస్తే ఇదే మందు ఒక్కరోజు, రెండుసార్లు వేసుకుంది, అంతే. నాకెందుకు ఇన్ని మాత్రలు? పొక్కులు తగ్గుముఖం పడితే ఆపేయొచ్చా? నెట్‌లో చూస్తే హెర్పిస్ అంటే సుఖవ్యాధి అని ఉంది. ఇంట్లో జబ్బు పేరు చెప్పలేక నలిగిపోతున్నాను. కోడలు ఇప్పుడు ఐదో నెల గర్భిణి, అదో టెన్షన్.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు మధ్యలో మామూలుగా చెప్పేసిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) సంగతే అన్నిటికన్నా ముఖ్యం. అందుకే మీకు విడిగా మెయిల్‌లో వెంటనే రాశాను. ఇలాంటి పరిస్థితి చాలామందికి ఎదురవుతుంది కాబట్టి ఇక్కడా చెబుతున్నాను. మందు మానకండి. అయితే తర్వాతి మాత్ర వేసుకునేలోపే మీకు మందు రాసిన డాక్టర్‌కు ఫోన్ చేసి ‘నా క్రియాటినిన్ 1.6’ అని చెప్పండి. డైక్లోఫెనాక్ మాత్రం ఈ పూట నుంచే ఆపేయండి.

వాలాసైక్లోవిర్ ఒంట్లోకి వెళ్లాక ఎసైక్లోవిర్‌గా మారుతుంది. పని చేసేది అదే. పని అయ్యాక అది చాలావరకు మూత్రంలోంచే బయటికి పోవాలి. మీ వయసు, బరువు, క్రియాటినిన్ కలిపి లెక్క కడితే మీ కిడ్నీలు నిమిషానికి 35 మిల్లీలీటర్ల చొప్పున వడపోస్తున్నట్టు తేలుతుంది. ఇది 30 నుంచి 49 మధ్య ఉన్నవారికి సర్పిలో, అంటే మీకొచ్చిన హెర్పిస్ జోస్టర్‌లో, 1 గ్రాము మాత్రను రోజుకు రెండుసార్లే ఇస్తాం. 30 కన్నా తగ్గితే రోజుకు ఒకటే. మీకు రాసిన మూడు మాత్రల మోతాదు కిడ్నీలు బాగున్నవారిది. అందులో డాక్టర్ తప్పేమీ లేదు, రిపోర్టు ఆయన కంట పడలేదు. మూడు నెలల్లో అంకె మారి ఉండొచ్చు కూడా. అందుకే రక్తపరీక్ష మళ్లీ చేయించి, మోతాదు ఆయనే తేల్చాలి. మీ అంతట మీరు మాత్రను సగానికి విరుచుకోవద్దు.

మోతాదు ఎక్కువైతే ఏమవుతుందో ఇంట్లోవాళ్లకూ తెలియాలి. మందు పేరుకుపోతే ముందు మెదడు మీద చూపిస్తుంది. మనిషి మగతగా ఉండటం, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, చేతులు అదరడం, గదిలో లేనివాళ్లు ఉన్నట్టు చెప్పడం. ఇవి సాధారణంగా మందు మొదలుపెట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లోనే కనిపిస్తాయి. పెద్దవాళ్లలో దీన్ని ‘నొప్పికి నిద్ర లేదు, అందుకే అలా ఉంది’ అనో, ‘వయసు మీద పడింది’ అనో కొట్టిపారేస్తుంటారు. మీలో అలాంటి మార్పు కనిపిస్తే అప్పుడు మాత్రం మందు ఆపి, నేరుగా ఆసుపత్రికి తీసుకురమ్మని మీ వాళ్లకు చెప్పి ఉంచండి. మందు ఒంట్లోంచి పోగానే చాలావరకు మామూలైపోతారు, అవసరమైతే డయాలసిస్‌తో బయటికి తీస్తాం. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. వాటితో ఈ మందు కలిస్తే కిడ్నీ మీద రెండు పక్కల నుంచీ భారం పడుతుంది. నొప్పికి ప్రస్తుతానికి పారాసిటమాల్ వేసుకోండి. నీళ్లు బాగా తాగాలి, ఎసైక్లోవిర్ చిక్కబడితే కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. మీకు ఇంతకుముందు నీళ్లు తగ్గించమని ఎవరైనా చెప్పి ఉంటే ఎంత తాగాలో కూడా ఆ ఫోన్‌లోనే అడిగేయండి.

ఇప్పుడు పేరు సంగతి. మీకొచ్చింది సుఖవ్యాధి కాదు. దీన్ని మనవాళ్లు సర్పి అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వారిసెల్లా జోస్టర్ వైరస్సే దీనికీ కారణం. ఆటలమ్మ తగ్గాక అది ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన నాడుల మొదళ్లలో చేరి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటుంది. వయసు పెరిగో, ఒంట్లో రోగనిరోధక శక్తి సన్నగిల్లో పట్టు సడలినప్పుడు ఏదో ఒక నాడి వెంట చర్మం మీదికి వస్తుంది. అందుకే ఒంటికి ఒక పక్కనే, పట్టీ కట్టినట్టు వస్తుంది. పొక్కులకన్నా ముందే మంట రావడానికి కారణమూ అదే, చర్మానికి చేరేలోపే నాడి దెబ్బతింటుంది. గుండె నొప్పి అనుకుని ఈసీజీ తీయించుకుని మంచి పనే చేశారు. ఛాతీ మీద సర్పి పొక్కులు లేచేదాకా మేమూ ఇదమిత్థంగా చెప్పలేం.

పెదవి మీద వచ్చేది, జననాంగాల దగ్గర వచ్చేది వేరే వైరస్. హెర్పిస్ సింప్లెక్స్ అంటారు, అందులో రెండు రకాలు. మొదటి రకం ఎక్కువగా పెదవి దగ్గర, రెండోది ఎక్కువగా కింద. మొదటి రకం చాలామందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల ముద్దుల ద్వారానే అంటుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో దాదాపు 380 కోట్ల మందికి ఇది ఉంది. ఇంతమందికి ఉన్నదాన్ని గురించి గుసగుసలాడటం ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. జోస్టర్, సింప్లెక్స్ ఒకే కుటుంబానివి కాబట్టి పేరు కలిసింది, మందూ కలిసింది. ఇంట్లో ‘సర్పి, ఆటలమ్మ తాలూకుది’ అని నిశ్చింతగా చెప్పండి.

ఇక మీకెందుకు ఇన్ని మాత్రలు? ఎసైక్లోవిర్ తనంతట తాను ఏమీ చేయదు. వైరస్ దగ్గరున్న థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైము దాన్ని పనిలోకి దింపుతుంది. అప్పుడది వైరస్ తన డీఎన్ఏ గొలుసు అల్లుకుంటుండగా మధ్యలో దూరి, గొలుసు ముందుకు సాగకుండా ఆపేస్తుంది. వైరస్ తన గొయ్యి తానే తవ్వుకున్నట్టన్నమాట. వైరస్ లేని కణాల జోలికి పెద్దగా పోదు కాబట్టే, మోతాదు సరిగ్గా ఉంటే ఎక్కువమందికి కాస్త తలనొప్పి, వికారం మించి ఇబ్బంది ఉండదు. ఈ తరహా మందుల వెనకున్న సూత్రాలకే శాస్త్రవేత్త గెర్‌ట్రూడ్ ఎలియన్‌కు మరో ఇద్దరితో కలిపి 1988లో నోబెల్ వచ్చింది. సింప్లెక్స్ ఈ మందుకు తొందరగా లొంగుతుంది. జోస్టర్ అంత తేలిగ్గా లొంగదు, రక్తంలో మందు చాలా ఎక్కువ ఉండాలి. పాత ఎసైక్లోవిర్ మాత్రనే వాడాలంటే 800 మిల్లీగ్రాములవి రోజుకు ఐదు మింగాలి, ఎందుకంటే మింగినదాంట్లో ఐదో వంతు కూడా సరిగా రక్తంలోకి చేరదు. వాలాసైక్లోవిర్‌లో సగానికి పైగా చేరుతుంది కాబట్టి మూడు సరిపోతాయి. ఫామ్‌సైక్లోవిర్ అని ఇంకొకటి ఉంది, అదీ ఇదే పనికి వాడతాం.

మీ కోడలు వాడిందీ సరైన పద్ధతే. పెదవి దగ్గర చురచుర మొదలవగానే 2 గ్రాములు, మళ్లీ 12 గంటలకు 2 గ్రాములు, అక్కడితో సరి. పొక్కు పూర్తిగా లేచాక వేసుకుంటే దానివల్ల ఒరిగేది తక్కువ. జననాంగాల హెర్పిస్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. మొదటిసారి వస్తే 1 గ్రాము రోజుకు రెండుసార్లు, వారం నుంచి పది రోజులు. మళ్లీ వచ్చినప్పుడు 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. ఏడాదిలో పలుసార్లు తిరగబెట్టేవారికి రోజూ ఒక మాత్ర చొప్పున నెలల తరబడి ఇస్తాం, దానివల్ల భాగస్వామికి అంటే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. సున్నా కాదు, కండోమ్ అవసరం పోదు. ఈ విభాగానికి ఈ సంగతి రాసేవాళ్లు చాలామంది పేరు లేకుండా ‘శాశ్వతంగా పోయే మందు చెప్పండి’ అని అడుగుతారు. అలాంటిది లేదు. నాడుల్లో దాగిన వైరస్‌ను ఈ మందు తాకలేదు, బయటికొచ్చి పెరుగుతున్నదాన్నే ఆపుతుంది.

ఈ లెక్కలన్నీ ఎందుకు చెప్పానంటే, ఒకరి చీటీతో ఇంకొకరు మందు కొనుక్కోవడం ఇందులో బాగా జరుగుతుంది. కోడలి మోతాదు మీరు వాడితే సర్పి తగ్గదు. మీ చీటీ ఆమె వాడితే అనవసరంగా వారం రోజుల మందు.

మధ్యలో ఆపొచ్చా అన్నారు. వద్దు, ఏడు రోజులూ వాడాల్సిందే. మొదలుపెట్టే సమయం ఇంకా ముఖ్యం. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే పూర్తి ప్రయోజనం, ఎందుకంటే వైరస్ జోరుగా పెరిగేది అప్పుడే. మీరు రెండో రోజే మొదలుపెట్టారు, మంచిదైంది. ఆ గడువు దాటినవాళ్లు కూడా ‘ఇంక లాభం లేదులే’ అని ఊరుకోకూడదు. కొత్త పొక్కులు ఇంకా వస్తున్నా, ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువున్నా, కంటి దగ్గర వచ్చినా ఆలస్యంగానైనా ఇస్తాం. ఒకటి రెండు రోజుల్లో నొప్పి మాయం కాలేదని మందు పని చేయట్లేదనుకోకండి. కొత్త పొక్కులు రావడం ఆగిందా, ఉన్నవి పక్కు కడుతున్నాయా అన్నదే చూడాలి. ఎసైక్లోవిర్ క్రీము సర్పికి పనికిరాదు, డబ్బు దండగ. తడిగుడ్డతో చల్లగా అద్దడం, కాలమైన్ లోషన్, వదులైన నూలు బట్టలు చాలు.

మీకు వీపు, ఛాతీ మీద వచ్చింది కాబట్టి కన్ను గురించి బెంగ లేదు. చదువుతున్న మిగతావారికి ఒక మాట: నుదుటి మీదో, ముఖ్యంగా ముక్కు కొస మీదో పొక్కు లేస్తే, కన్ను ఎర్రబడినా బడకపోయినా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించాలి. ముక్కు కొసకు వెళ్లే నాడి కొమ్మే కంట్లోకీ వెళుతుంది. చెవిలో పొక్కులొచ్చి మూతి ఒక పక్కకు పోయినా అంతే తొందర.

కోడలి సంగతి. మీ నుంచి ఆమెకు సర్పి అంటదు. పొక్కుల్లోని నీరు తగిలితే, ఇంతకుముందు ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ రావచ్చు. గర్భిణికి అది మంచిది కాదు, న్యుమోనియా దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో, రెండు మోతాదుల టీకా పడిందో వాళ్లమ్మగారిని అడిగితే తెలిసిపోతుంది. వచ్చి ఉంటే భయం లేదు. రాలేదన్నా, గుర్తు లేదన్నా ఆమెను చూస్తున్న గైనకాలజిస్టుకు ఇవాళే చెప్పండి. రక్తపరీక్షలో రక్షణ లేదని తేలితే ఇంజెక్షనో, మాత్రలో ఇస్తారు. ఇంజెక్షన్ అయితే తాకిడి జరిగిన 10 రోజుల్లోపే వేయాలి. ఈలోపు మీ పొక్కులన్నీ పక్కు కట్టేదాకా, అంటే సాధారణంగా వారం పది రోజులు, ఆ చోటంతా బట్టతో కప్పి ఉంచండి. మీ తువ్వాలు వేరుగా పెట్టండి. ఒకే ఇంట్లో తిరగడం, మాట్లాడుకోవడం మానక్కర్లేదు. కోడలికి ఇంకో మాట: పెదవి మీద పొక్కు ఉన్నప్పుడు పుట్టిన బిడ్డను ముద్దాడకూడదు. నెల లోపు పసికందుకు సింప్లెక్స్ సోకితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఆమెకే కాదు, చూడటానికి వచ్చే చుట్టాలందరికీ వర్తిస్తుంది.

సర్పిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పొక్కులు కాదు, తర్వాత మిగిలే నొప్పి. చర్మం మానినా మూడు నెలలు దాటి మంట, కరెంటు కొట్టినట్టు పోట్లు, బట్ట తగిలినా ఓర్చుకోలేకపోవడం కొందరిలో ఉండిపోతాయి. 60 దాటినవారికి, మొదట్లో నొప్పి తీవ్రంగా ఉన్నవారికి ఇది ఎక్కువ. వాలాసైక్లోవిర్ ఇప్పటి నొప్పి రోజుల్ని తగ్గిస్తుంది కానీ, ఆ తర్వాతి నొప్పి రాకుండా చూస్తుందని గ్యారంటీ ఇవ్వలేను. స్టెరాయిడ్లూ దాన్ని ఆపలేవు, మీకైతే షుగర్ పెంచుతాయి. పారాసిటమాల్‌తో నిద్ర పట్టకపోతే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నాడి నొప్పి మందులున్నాయి. మొదటి రెండూ కిడ్నీ లెక్క ప్రకారమే ఇవ్వాలి, మగతా తెస్తాయి. అందుకే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ క్రియాటినిన్ కాగితం చేతిలో ఉండాలి.

పూర్తిగా తగ్గాక సర్పి టీకా గురించి అడగండి. 50 దాటినవారికి రెండు మోతాదులు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో కండకు వేస్తారు. బతికున్న వైరస్ ఉండదు కాబట్టి షుగర్ ఉన్నా అడ్డం కాదు. ఒకసారి సర్పి వచ్చినవారికీ మళ్లీ రావచ్చు, అందుకే వేయించుకోమంటాం. వేయించుకున్న ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు నొప్పులు, కొద్దిగా జ్వరం ఉంటాయి. మీ వారికి 50 దాటి ఉంటే, ఆయనకు సర్పి ఎప్పుడూ రాకపోయినా సరే, ఇద్దరూ కలిసే అడగండి.