ఆర్గాన్ టార్చ్ పట్టిన మేనకోడలికి

బాలానగర్

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఐటీఐలో ఏడాది వెల్డర్ ట్రేడ్ చేశావు. రాడ్ వెల్డింగ్‌లో మీ బ్యాచ్ మొత్తానికీ నీ బీడే, అంటే వెల్డ్ గీతే, బాగుండేది. జీడిమెట్ల షెడ్డులో ఆర్గాన్ టార్చ్ చేతికిచ్చిన నాలుగో రోజుకే "నావల్ల కాదు మామా" అనేశావు. టార్చ్‌లోని టంగ్‌స్టన్ కడ్డీ జాబ్‌కు, అంటే వెల్డ్ చేసే ముక్కకు, అంటుకుంటోందట, బీడ్ బొగ్గులా వస్తోందట, ఎడమ చేయి మాట వినట్లేదట. ఈ మూడూ నాకు పాత చుట్టాలే. 1989లో ఇక్కడే నేను పని మొదలుపెట్టినప్పుడు మా ఉస్తాద్ రెండు వారాల పాటు నాకు ఫిల్లర్ వైరే ఇవ్వలేదు. అప్పుడు ఆయన మీద మండిపోయాను. ఇప్పుడు నీకు నేను చెప్పబోయేదీ అదే. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను.

రాడ్ వెల్డింగ్‌లో అన్నీ ఒక్క రాడ్‌లోనే ఉంటాయి. మంట, అంటే ఆర్క్, దాని కొసనే పుడుతుంది, నింపే లోహం అదే, గాలి తగలకుండా కాపాడే పూత కూడా దాని మీదే. ఒక చేత్తో దాన్ని నడిపిస్తే చాలు. టిగ్‌లో, అంటే మన ఆర్గాన్ వెల్డింగ్‌లో, ఈ మూడింటినీ విడదీశారు. మంట టంగ్‌స్టన్ దగ్గర పుడుతుంది. టంగ్‌స్టన్ కరగాలంటే 3,422 డిగ్రీలు కావాలి, కాబట్టి ఆంప్స్ సరిగ్గా పెడితే అది కరగదు. నింపే లోహం నీ ఎడమ చేతిలోని వైర్ నుంచి వస్తుంది. కాపలా ఆర్గాన్ గ్యాస్‌ది. మూడూ మూడు చోట్ల ఉన్నాయి, ఒకచోట కలపాల్సింది నువ్వు. దానికి నాలుగు రోజులు చాలుతాయా?

ఇక అసలు సంగతి. నువ్వు మంటను చూస్తున్నావు. బాలానగర్‌లో కూర్చుని నీకెట్లా తెలిసింది అంటావేమో, టంగ్‌స్టన్ అంటుకుంటోందన్నావు కదా, దాన్నిబట్టే తెలిసింది. మంట మిరుమిట్లు గొలుపుతుంది కాబట్టి కన్ను అటే పోతుంది, కానీ మంటను చూసేవాళ్ళకు దూరం తెలియదు. చూడాల్సింది మంట కింద కరిగిన లోహాన్ని, షాపులో పూల్ అంటారే, దాన్ని.

రేపు స్క్రాప్‌లో 2 మిల్లీమీటర్ల ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) ముక్క అరచేయంతది తీసుకో. డీసీ పెట్టి టార్చ్ నెగెటివ్‌కు కలుపు. 1.6 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్, 70 ఆంప్స్, గ్యాస్ నిమిషానికి 8 లీటర్లు. వైర్ ముట్టుకోకు. ఆర్క్ వేసి కదలకుండా ఆగు. మొదట ఆ చోటు ఎర్రబడుతుంది. తర్వాత చెమట పట్టినట్టు నిగనిగలాడుతుంది. ఒక్క క్షణంలో ఆ చెమటంతా చేరి కందిగింజంత చుక్క అవుతుంది, అద్దంలా మెరుస్తూ సన్నగా వణుకుతుంది. అదే పూల్. నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు వచ్చాక ముందుకు కదులు. వెడల్పు పెరిగిపోతుంటే వేగం పెంచు, తగ్గుతుంటే నెమ్మదించు. టార్చ్ తల వెనక్కి 15 నుంచి 20 డిగ్రీలు వంగి ఉండాలి, మొన మాత్రం వెళ్ళే దారి వైపు చూడాలి.

మా ఉస్తాద్ చూపించిన కిటుకు ఒకటి చెబుతాను, ఐటీఐలో ఎవరూ చెప్పి ఉండరు. పూల్ అద్దంలా ఉంటుందన్నాను కదా, బాగా చూస్తే అందులో టంగ్‌స్టన్ మొన నీడ తలకిందులుగా కనిపిస్తుంది. పైన మొన, కింద దాని నీడ. రెండింటి మధ్య ఖాళీలో సగం నీ ఆర్క్ పొడవు. అది రెండు మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటే బాగుంటుంది. నీడ దగ్గరికొస్తుంటే చేయి దిగుతోందని, దూరం జరుగుతుంటే లేస్తోందని అర్థం. ఇది కంటికి ఆనిన రోజు నుంచి టంగ్‌స్టన్ అంటుకోవడం దానంతట అదే తగ్గిపోతుంది. నాకు మాత్రం తొమ్మిదో రోజున కనిపించింది. నీ కళ్ళు నాకంటే చురుకు.

అయినా మధ్యమధ్యలో అంటుకుంటుంది, నాకూ అంటుకుంటుంది. అప్పుడు "పోనీలే" అని మాత్రం లాగించకు. మొనకు లోహం పట్టిందంటే ఆర్క్ పిచ్చి పట్టినట్టు పక్కలకు పోతుంది, బీడ్‌లో టంగ్‌స్టన్ పలుకులు పడతాయి. ఆపు, పాడైన కొస విరిచేయి, మళ్ళీ గ్రైండ్ చెయ్యి. జాబ్ మీద ఆ చోటును కూడా గ్రైండ్ చేసి తీసెయ్యి. గ్రైండింగ్ గీతలు టంగ్‌స్టన్ పొడవునా రావాలి, చుట్టూ కాదు. చుట్టూ వస్తే ఆర్క్ నిలకడగా ఉండదు. మొన ఏటవాలు టంగ్‌స్టన్ మందానికి రెండు, రెండున్నర రెట్ల పొడవుంటే చాలు. ఇనుము గ్రైండ్ చేసే రాయి మీద దీన్ని పెట్టకు, వేరే రాయి ఉంచుకో. మీ షెడ్డులో ఎర్ర చివర ఉన్న టంగ్‌స్టన్‌లు వాడుతున్నారేమో చూడు. వాటిలో థోరియం ఉంటుంది, దానికి రేడియేషన్ ఉంది. చేత్తో పట్టుకుంటే భయం లేదు కానీ గ్రైండ్ చేసేటప్పుడు ఆ పొడి పీల్చకూడదు. బూడిద రంగు చివరవో, నీలం చివరవో రాణిగంజ్‌లో దొరుకుతాయి. పని అంతే బాగుంటుంది. ఓనర్ కొనకపోతే నాకు చెప్పు, ఒక డబ్బా పంపిస్తాను.

ఇప్పుడు ఎడమ చేయి. మీ అమ్మ బీడీలు చుట్టేటప్పుడు ఎప్పుడైనా చూశావా? చూపు టీవీ మీదో నీ మీదో ఉంటుంది, నోరు నన్ను తిడుతూ ఉంటుంది, వేళ్ళు మాత్రం తునికాకును తిప్పి కొస మడిచి చాటలో పడేస్తూనే ఉంటాయి. వైర్ అందించడం కూడా అట్లాంటిదే. వైర్‌ను చూపుడు, మధ్య వేళ్ళ మీద ఆనించి, బొటనవేలితో కొంచెం ముందుకు తోసి, బొటనవేలిని వెనక్కి తెచ్చి మళ్ళీ తోయాలి. చేయి కదలకూడదు, వేళ్ళే నడవాలి. ఇది నేర్చుకోవడానికి మెషీన్ అక్కర్లేదు. 1.6 వైర్ అర మీటరు ముక్క రూముకు తీసుకుపో, అన్నం ఉడికేలోపు తోస్తూ కూర్చో. నేను గ్లవ్ వేసుకుని మరీ ప్రాక్టీస్ చేశాను, ఎందుకంటే ఒట్టి వేళ్ళకు వచ్చిన పని గ్లవ్ వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే మందం గ్లవ్‌లు వద్దు, పలచటి మేకతోలువి అడుగు.

వైర్‌ను మంటలో పెట్టకు. పూల్ ముందు అంచుకు తాకించు, పూల్ వేడే దాన్ని కరిగించుకుంటుంది. తాకించు, వెనక్కి తీయి, కదులు. వెనక్కి తీయడం అంటే గ్యాస్ కవర్ దాటి బయటికి లాగేయడం కాదు. ఎర్రగా కాలిన కొసకు గాలి తగిలితే నల్లబడుతుంది, ఆ నలుపును మళ్ళీ నువ్వే తీసుకెళ్ళి పూల్‌లో కలుపుతావు. టార్చ్ కప్పుకు, అదే గ్యాస్ వచ్చే మూతికి, దగ్గర్లోనే, జాబ్ మీద దాదాపు వాలిపోయినట్టు ఉంచు. ఒకవేళ నల్లబడితే కొస కత్తిరించి మొదలుపెట్టు. ఎస్ఎస్‌లో 304 రకానికి 308ఎల్ వైర్, 316 రకానికి 316ఎల్. వైర్ మీద అచ్చు చూడకుండా ఎప్పుడూ తీసుకోకు, కలిసిపోయిన కట్టలు ప్రతి షెడ్డులోనూ ఉంటాయి.

బీడ్ నలుపు గురించి చాలా అడిగావు. ముందు ఫ్యాన్ ఎటు తిరిగి ఉందో చూడు. జీడిమెట్ల రేకుల షెడ్డుల్లో ఎండాకాలం ఫ్యాన్ లేకుండా మనిషి నిలబడలేడు, ఒప్పుకుంటాను. కానీ ఆ గాలే నీ ఆర్గాన్‌ను ఊదేస్తుంది. జాబ్‌కు, ఫ్యాన్‌కు మధ్య ఒక రేకు ముక్క నిలబెట్టు. రెండోది, గ్యాస్ తక్కువైందేమో అని 20 లీటర్లకు పెంచి ఉంటావు. అందరూ చేసే తప్పే. ఎక్కువ వేగంతో వచ్చే గ్యాస్ సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. మామూలు కప్పుకు 8 నుంచి 10 లీటర్లు చాలు. టంగ్‌స్టన్ కప్పు బయటికి ఐదారు మిల్లీమీటర్లకు మించకూడదు. పైపు జాయింట్ల దగ్గర సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడు. ఇక బీడ్ అయిపోగానే టార్చ్ లేపేస్తున్నావు, అవునా? ఆర్క్ ఆగినా గ్యాస్ కొన్ని సెకన్లు వస్తూనే ఉంటుంది, అది నీకోసమే. చల్లారేదాకా అక్కడే ఉంచు. మెషీన్‌లో డౌన్‌స్లోప్, అంటే చివర్లో ఆంప్స్ మెల్లగా తగ్గించేది, ఉంటే వాడు, లేకపోతే చివర్లో ఇంకో చుక్క వైర్ వేసి ఆపు. బీడ్ చివర గుంట పడితే పగులు అక్కడే మొదలవుతుంది.

శుభ్రం సంగతి నీకు ఐటీఐలోనే చెప్పి ఉంటారు. అసిటోన్‌తో తుడువు, ఎస్ఎస్ బ్రష్‌తోనే రుద్దు. ఇనుప బ్రష్ వాడితే తర్వాత తుప్పు మరకలు వస్తాయి.

రంగు చూసి నీకు నువ్వే మార్కులు వేసుకో. ఎస్ఎస్ బీడ్ లేత బంగారు రంగులో ఉంటే చాలా మంచిది. నెమలి మెడ నీలం వచ్చినా మామూలు పనికి ఫరవాలేదు. బూడిద రంగో నలుపో వచ్చిందంటే వేడి ఎక్కువైంది, లేదా గ్యాస్ అందలేదు.

పైరంగు కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో 316ఎల్ పైపులు వేస్తున్నాం. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి వెల్డ్ చేయాలి, దాన్ని పర్జింగ్ అంటారు. ఆ రోజు సిలిండర్ రాలేదు. కాంట్రాక్టర్ "పైన బాగుంటే చాలు, కానివ్వు" అన్నాడు. తప్పని తెలిసీ కానిచ్చాను. పైన బంగారంలా వచ్చాయి, ఫొటో కూడా తీసుకున్నాను. మర్నాడు ఇన్‌స్పెక్టర్ లోపలికి కెమెరా పంపిస్తే, లోపలంతా మాడిన కాలీఫ్లవర్‌లా గరుకుగా ఉంది. మందులు పారే పైపులో ఆ గరుకు సందుల్లో మడ్డి పేరుకుంటుంది, కడిగినా పోదు. పద్దెనిమిది జాయింట్లు కోసి మళ్ళీ వేశాం. కాంట్రాక్టర్‌ను తిట్టుకున్నాను కానీ టార్చ్ పట్టింది నా చేయే కదా.

ఇక భయపడాల్సిన చోట భయపడు. ఆర్గాన్‌కు రంగు లేదు, వాసన లేదు, గాలి కంటే బరువు. ట్యాంకులో అడుగుకు చేరి కూర్చుంటుంది. అందులోకి దిగిన మనిషికి ఊపిరాడట్లేదని కూడా తెలియదు, అట్లాగే కూలబడిపోతాడు. తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. బయటి గాలి బాగా కొట్టించి, మీటర్ పెట్టి ఆక్సిజన్ 19.5 శాతం పైన ఉందని చూసి, బయట ఒక మనిషిని నిలబెట్టాకే దిగాలి. లంచ్‌కు పోయేటప్పుడు టార్చ్ ట్యాంకు లోపల వదిలి రాకూడదు. ఉస్తాద్ అయినా ఓనర్ అయినా "రెండు నిమిషాల పనే, దిగు" అంటే దిగకు. ఉద్యోగం పోతే పోయింది, నా దగ్గరికి వచ్చేయ్.

కళ్ళ విషయం. ఎస్ఎస్ అద్దంలా ఉంటుంది కాబట్టి ఆర్క్ వెలుగు కింది నుంచి కూడా కొడుతుంది. గొంతు దగ్గర కప్పుకోకపోతే సాయంత్రానికి చర్మం కమిలిపోతుంది. కాటన్ ఫుల్ చేతుల షర్ట్ పైబొత్తం దాకా పెట్టుకో. పాలిస్టర్ చున్నీ షెడ్డు గేటు బయటే వదిలెయ్. డార్క్ గ్లాస్ 70 ఆంప్స్‌కు 10 నంబర్ సరిపోతుంది. వాటంతటవే నల్లబడే చవక ఆటో హెల్మెట్‌లు కొన్ని తక్కువ ఆంప్స్ టిగ్ ఆర్క్‌ను పట్టుకోలేవు, మధ్యలో తెల్లబడతాయి. అట్లా ఒక్కసారి జరిగినా దాన్ని పక్కన పెట్టెయ్. రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటే పాలు పోయడం, ఆలుగడ్డ ముక్కలు పెట్టడం వద్దు. మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆస్పత్రికి వెళ్ళు.

చేతి వణుకు గురించి ఇంత సేపూ రాయలేదు చూడు. అది పెద్ద జబ్బు కాదు. చిటికెన వేలు జాబ్ మీద ఆనించు, మోచేతికి ఏదైనా దిమ్మ పెట్టుకో, ఆర్క్ వేయకుండా ఒకసారి బీడ్ పొడవునా చేయి జరిపి ఎక్కడ తగులుతోందో చూసుకో. పొద్దున టిఫిన్ తినకుండా పోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఖాళీ కడుపుతో ఎవరి చేయైనా వణుకుతుంది.

ఈ వారమంతా వైర్ లేకుండానే వెయ్యి, వచ్చే వారం రెండు ముక్కలు మూలగా కలిపి వాటి అంచులే కరిగించి అతుకు, ఆ తర్వాతే వైర్. ప్రతి ముక్క వెనక మార్కర్‌తో తేదీ రాయి, బాగా రానివి కూడా పారేయకు. బతుకమ్మకు కామారెడ్డి పోయేటప్పుడు సంచిలో వేసుకుని ఇటు రా. నా వైస్‌లో బిగించి వంచి చూద్దాం, ఏది విరుగుతుందో. ముక్కలు బరువుంటాయి, ఆటోకు డబ్బులు నేనిస్తాను.

మీ మామ