రాత్రికి మొలకలు, తెల్లవారుజామున చెమటలు

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రెండు నెలల నుంచి అన్నం మానేసి పొద్దున సొరకాయ జ్యూస్, రాత్రి మొలకలు, పచ్చి క్యారెట్ తింటున్నాను. కడుపు ఉబ్బరంగా ఉంటోంది. అప్పుడప్పుడు తెల్లవారుజామున చెమటలు, వణుకుతో మెలకువ వస్తోంది. గ్యాస్ అంటున్నారు. ఆయుర్వేదంలో పచ్చివే మంచివంటారు కదా, కొనసాగించవచ్చా? – ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, ఉబ్బరం సంగతి తర్వాత. ముందు ఆ చెమటలు, వణుకు చూడాలి. మిమ్మల్ని పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేను గానీ, షుగర్ పడిపోతోందనే నా అనుమానం. గ్లిమిపిరైడ్ మీరు ఎంత తిన్నారో చూసుకోదు, ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. అన్నం తిన్నప్పుడు సరిపోయిన డోసు గుప్పెడు మొలకలకు ఎక్కువైపోతుంది. తిండి మార్చి రెండు నెలలైనా మీ డాక్టరుకు ఒక్క మాట చెప్పినట్టు లేదు. గ్యాస్ అని చెప్పినవాళ్లు మీ షుగర్ చూశారా?

ఈసారి వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. మీటర్ దగ్గర లేకపోతే ఆలస్యం చేయకుండా తాగేయండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దని, 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. డోసు గురించి మీ డాక్టరుతో ఈ రోజే మాట్లాడండి. సొంతంగా తగ్గించడం, మానేయడం వద్దు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా అవసరం కావచ్చు.

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి కాదు. అయినా పచ్చికూరల పథ్యం ఎక్కువగా ప్రకృతి వైద్యులు చెప్పేది. ఆయుర్వేదం జఠరాగ్నిని, అంటే అరిగించుకునే శక్తిని బట్టి తినమంటుంది. అగ్ని మందగిస్తే పలచని జావ, పెసరకట్టు లాంటివి పథ్యం. అష్టాంగహృదయం అనే ప్రాచీన ఆయుర్వేద గ్రంథం మొలకెత్తిన ధాన్యాలను అలవాటుగా తినకూడని వాటిలో చేర్చింది. మీ ఉబ్బరానికి అవే కారణం కావచ్చు. ఆవిరి మీద ఉడికించి, జీలకర్ర తాలింపు వేసి, కొద్దిగా తిని చూడండి.

సొరకాయ జ్యూస్ మాత్రం మానేయండి. చేదెక్కిన కాయలో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలుంటాయి. వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులై ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. దానికి విరుగుడు మందు లేదు. మందు కదా అని చేదును ఓర్చుకుని గ్లాసు ఖాళీ చేసేవాళ్లే ఎక్కువగా ఆస్పత్రికి వస్తారు. కూర వండినా ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ పారేయండి. ఉడికించినంత మాత్రాన ఆ విషం పోదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాస్ బిళ్లలుంటే వాటితో సహా.